పాకాల పిల్ల పెద్ద కొండెక్కింది



ఈ రోజు ఒక కొండ గురించి చెప్పుకుందాం. ఆ కొండెక్కిన ఒక పిల్ల గురించి, ఆ పిల్లకు దారి చూపినవాళ్ళ గురించి చెప్పుకుందాం. ఇందులో కొన్ని పేర్లు కొత్తగా ఉంటాయి. నోరు తిరగకపోతే కూడబలుక్కుని చదవండి. తొందరేమీ లేదు.

కొండలు మన కలమల్ల వాళ్ళకు కొత్త కాదు. గండికోట మీదికెక్కి, కింద లోయలో పారే పెన్నను చూసినవాళ్ళు మీలో ఉన్నారు. తిరుమలకు నడిచిపోయినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. అలిపిరి నుంచి మెట్లు 3,550 అంటారు. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి గోవిందా అనడానికి కూడా ఊపిరి చాలదు.

మన కడప సీమలో పుట్టిన అన్నమయ్య కథ మీరు వినే ఉంటారు. చిన్నపిల్లవాడుగా ఇల్లు విడిచి పోయాడు. చెప్పులతోనే కొండెక్కబోయాడు. ఆ మోకాళ్ళ పర్వతం దగ్గరే సొమ్మసిల్లి పడిపోయాడట. అప్పుడు అలమేలుమంగమ్మ ముసలవ్వ రూపంలో వచ్చి, చెప్పులు విడవమని చెప్పి, ప్రసాదం పెట్టిందట. మొదటిసారి కొండెక్కేవాళ్ళకు దారి తెలిసిన మనిషి తోడుండాలని ఆ కథ కట్టినవాళ్ళకూ తెలుసు.

సరే, అసలు కొండ దగ్గరికి వద్దాం.

తిరుమల ఎత్తు సముద్రం నుంచి కొలిస్తే సుమారు 2,800 అడుగులు. ఆ తిరుమల మీద ఇంకో తిరుమల పెట్టండి. దానిమీద ఇంకోటి పెట్టండి. అట్లా పది తిరుమలలు పేర్చినా, ఈ రోజు చెప్పుకునే కొండకు ఇంకా వెయ్యి అడుగులు తక్కువే. ఆ కొండ పేరు ఎవరెస్టు. ఎత్తు 8,848 మీటర్లు, అంటే 29 వేల అడుగులకు పైన. ప్రపంచంలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. హిమాలయాల్లో, నేపాలుకూ టిబెట్టుకూ నడుమ సరిహద్దు మీద ఉంది. నేపాలువాళ్ళు దాన్ని సగర్‌మాథా అంటారు. టిబెట్టువాళ్ళు చోమోలుంగ్మా అంటారు.

మరి ఎవరెస్టు అనే పేరు ఎట్లా వచ్చింది? అది ఒక ఇంగ్లీషు దొర పేరు. తెల్లవాళ్ళు మన దేశాన్ని ఏలిన రోజుల్లో భూమి కొలిచే ఆఫీసుకు ఆయన పెద్ద. ఇదే అన్నిటికంటే ఎత్తైన కొండ అని 1852లో లెక్క కట్టి తేల్చింది మాత్రం రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ. ఆయన ఆ కొండ ఎక్కలేదు. ఎంతో దూరం నుంచి కొలిచిన కొలతలు తీసుకుని, కాగితం మీద లెక్క చేశాడు. లెక్క ఆయనది, పేరు దొరది. ఇట్లాంటివి మనకు తెలియనివి కావు.

ఇప్పుడు పిల్ల సంగతి.

తెలంగాణలో నిజామాబాదు జిల్లా ఉంది. ఆ జిల్లాలో పాకాల అనే ఊరుంది. అక్కడ 2000 సంవత్సరం జూన్ 10న ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మాలావత్ పూర్ణ. వాళ్ళు లంబాడీలు. తండ్రి దేవీదాస్, తల్లి లక్ష్మి. ఇద్దరూ పొలం పనులు చేసుకుని బతికేవాళ్ళు. పూర్ణ తాడ్వాయిలో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చేరింది. గురుకులం అంటే బడి, హాస్టలు ఒకచోటే ఉండేది. బీదపిల్లలకు ప్రభుత్వమే అన్నం పెట్టి, బట్టలిచ్చి చదివించే బడి.

ఆ బడిలో చేరకపోయి ఉంటే ఈ కథే లేదు. ఆడపిల్లను హాస్టలుకు పంపాలంటే తల్లికి ఎంత గుబులు! ఏం తింటుందో, ఎట్లా పడుకుంటుందో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఇరుగుపొరుగు ఒక మాట అంటారు. అత్తగారు ఒక మాట అంటుంది. ఇంత చెప్పినా పంపిన తల్లులున్నారు. ఆ తల్లుల్లో లక్ష్మి ఒకతి.

2013లో గురుకుల పాఠశాలల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఆయన పోలీసు అధికారి. మన పిల్లలకు కొండలెక్కడం ఎందుకు నేర్పకూడదు అనుకున్నాడు. శేఖర్ బాబు అనే శిక్షకుణ్ణి పిలిపించాడు. శేఖర్ బాబు 2007లోనే ఎవరెస్టు ఎక్కిన తెలుగువాడు. గురుకులాల నుంచి పిల్లల్ని ఏరి, నేర్పడానికి భువనగిరికి తీసుకుపోయారు.

భువనగిరి ఊరి నడుమ ఒకటే పెద్ద బండ ఉంది. గుండ్రంగా, నున్నగా, బోర్లించిన కుండలాగా ఉంటుంది. నెత్తి మీద పాతకాలం కోట ఉంది. పూర్ణ ఆ బండను చూసి మొదట భయపడింది. కాళ్ళు వణికాయి. అట్లాంటి బండ ఎక్కడం ఆ పిల్లకు అదే మొదటిసారి మరి.

బండ ఎక్కడం అంటే మనం గుట్ట ఎక్కినట్లు కాదు. నడుముకూ తొడలకూ ఒక గట్టి పట్టీ కడతారు. ఆ పట్టీకి తాడు తగిలిస్తారు. తాడు రెండో కొస ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఎక్కేవాళ్ళు జారితే, ఆ చేయి తాడును బిగించి పట్టుకుంటుంది. అప్పుడు పిల్ల కింద పడదు, గాలిలో వేలాడుతుంది అంతే. తాడు పట్టిన మనిషి మీద నమ్మకం కుదిరేదాకా ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. కుదిరాక వణుకు తగ్గుతుంది. పూర్ణకూ అదే జరిగింది. నాలుగు రోజుల్లో ఎక్కడం వచ్చింది, దిగడం వచ్చింది.

ఆ తరువాత బాగా ఎక్కేవాళ్ళను ఏరి డార్జిలింగు పంపారు. డార్జిలింగు బెంగాలులో, హిమాలయాల అంచున ఉంది. అక్కడ కొండలెక్కడం నేర్పే బడి ఉంది. ఆ బడి 1954లో మొదలైంది. దాంట్లో మొదటి శిక్షకుడు ఎవరో తెలుసా? టెన్సింగ్ నార్గే.

టెన్సింగ్ సంగతి రెండు మాటలు చెప్పుకోకుండా ముందుకు పోలేం. ఎవరెస్టు కొసన మొట్టమొదట కాలు పెట్టినవాళ్ళు ఇద్దరు. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే కలిసి ఎక్కారు. హిల్లరీ న్యూజిలాండు దేశస్థుడు, తేనెటీగలు పెంచేవాడు. టెన్సింగ్ షెర్పా. చిన్నప్పుడు జడలబర్రెలు కాశాడు. పెద్దయ్యాక తెల్లవాళ్ళ సామాను మోసే కూలీగా చేరాడు. అట్లా మోస్తూ మోస్తూ కొండను నేర్చుకున్నాడు. ఆయన చాలా భాషలు మాట్లాడేవాడు. చదవడం, రాయడం మాత్రం రాదు. సంతకం చేయడం వరకు నేర్చుకున్నాడు. తన జీవిత కథ పుస్తకంగా రావాలనుకున్నప్పుడు, ఆయన చెప్తూ ఉంటే ఇంకొకరు రాశారు. చదువు లేకపోవడం తనకు లోటుగానే ఉండేది. అందుకే పిల్లల్ని మంచి బళ్ళలో చదివించాడు.

షెర్పా అంటే కొండ దారి చూపే పని పేరు అని చాలామంది అనుకుంటారు. అసలు అది ఒక జాతి పేరు. తూర్పు నుంచి వచ్చినవాళ్ళు అని అర్థం. ఎన్నో వందల ఏళ్ళ కింద టిబెట్టు నుంచి వచ్చి నేపాలు కొండల్లో ఊళ్ళు కట్టుకున్నారు. ఆలుగడ్డలు పండిస్తారు, జడలబర్రెలు మేపుతారు. కొండెక్కే దొరలు రావడం మొదలయ్యాక వాళ్ళకు మోతపని, తరువాత దారి చూపే పని దొరికింది.

డార్జిలింగు బడి వాళ్ళు పిల్లల్ని సిక్కింలో రెనాక్ అనే మంచుకొండ ఎక్కించారు. 16 వేల అడుగులు దాటిన కొండ అది. పూర్ణ మంచు మీద నడిచి ఎక్కిన మొదటి కొండ అదే. పాకాలలో ఎండలు ఎట్లుంటాయో మన ఎర్రగుంట్లలో ఎండలు చూసినవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. అక్కడ పుట్టిన పిల్ల మంచు మీద నిలబడింది.

మంచు మీద నడవడానికి వేరే బూట్లున్నాయి. బూటు కింద ఇనుప ముళ్ళ చట్రం కడతారు. అడుగు వేస్తే ముళ్ళు మంచులో దిగుతాయి. చేతిలో చిన్న గొడ్డలి ఉంటుంది. జారితే ఆ గొడ్డలిని మంచులో గుచ్చి ఆపుకోవాలి. ఆ పని వందసార్లు చేయిస్తారు. కావాలని జారమంటారు, ఆపుకోమంటారు. నిజంగా జారినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి.

డార్జిలింగు తరువాత చలికాలంలో లడఖ్ తీసుకుపోయారు. ఎముకలు కొరికే చలిలో ఉండటం అలవాటు చేశారు. జల్లెడ పట్టినట్లు పట్టి, చివరకు ఇద్దరు పిల్లల్ని ఎవరెస్టుకు ఎంపిక చేశారు. ఒకరు పూర్ణ. ఇంకొకరు ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. వాళ్ళ నాయన సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆనంద్‌కు అప్పుడు 16 ఏళ్ళు. పూర్ణకు 13 నిండాయి, 14 నిండలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఎవరెస్టుకు రెండు వైపుల నుంచి దారులున్నాయి. ఎక్కువమంది నేపాలు వైపు నుంచి ఎక్కుతారు. నేపాలు ప్రభుత్వం 16 ఏళ్ళు నిండనివాళ్ళకు అనుమతి ఇవ్వదు. అందుకని వీళ్ళు టిబెట్టు వైపు నుంచి పోవాల్సి వచ్చింది. అటువైపు గాలి ఎక్కువ, చలి ఎక్కువ.

2014 ఏప్రిల్‌లో బయలుదేరారు. అదే నెల 18న నేపాలు వైపు ఘోరం జరిగింది. పెద్ద మంచుచరియ విరిగి పడింది. వేరేవాళ్ళ సామాను మోసుకుపోతున్న 16 మంది నేపాలీలు దాని కింద చచ్చిపోయారు. ఎక్కువమంది షెర్పాలే. చనిపోయినవాళ్ళ ఇంటికి ప్రభుత్వం మొదట ఇస్తామన్నది 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలకు మండింది. మేం మోయకపోతే మీకు కొండ ఎక్కడిది అన్నారు. పని ఆపేశారు. ఆ ఏడు నేపాలు వైపు నుంచి ఎక్కడం దాదాపు ఆగిపోయింది. తరువాత బీమా సొమ్ము పెంచారు. మన నాపరాళ్ళ గనుల్లో పని చేసే ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. ప్రాణం పోయినప్పుడు చేతిలో పెట్టే సొమ్ము ఎంత, ఏ కాగితం మీద ఏం రాశారు అనేది చదివి తెలుసుకోవలసిన సంగతి.

ఆ వార్త పాకాలకు చేరినప్పుడు ఆ తల్లి కడుపు ఎంత తరుక్కుపోయి ఉంటుందో! పిల్లలు కొండకు అవతలి వైపు ఉన్నారు, క్షేమంగానే ఉన్నారు. ఆ మాట నమ్మబుద్ధి కావాలి కదా.

ఇప్పుడు ఎక్కడం ఎట్లా జరుగుతుందో చూద్దాం. ఇది నిదానంగా చదవండి.

టిబెట్టు వైపు 5,200 మీటర్ల ఎత్తుదాకా బండ్లు పోతాయి. అక్కడ మొదటి మకాం. గుడారాలు వేస్తారు. అక్కడి నుంచి జడలబర్రెల మీద సామాను ఎక్కించి, 6,400 మీటర్ల దగ్గర ఇంకో మకాం పెడతారు. ఆపైన జంతువు పోలేదు, మనిషే మోయాలి. 7,000 మీటర్ల దగ్గర ఒక మకాం. దాని పైన ఇంకోటి. ఆఖరి మకాం 8,300 మీటర్ల దగ్గర. అక్కడి నుంచి కొసకు పోయి రావాలి.

వరసగా ఎక్కుతూ పోతే కుదరదు. ఎందుకు? పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది. ఎవరెస్టు కొసన మనకు అందే ప్రాణవాయువు ఇక్కడ అందేదాంట్లో మూడోవంతే. ఇక్కడ ఒక్క గుక్కలో వచ్చేది అక్కడ మూడు గుక్కలు పీలిస్తే గాని రాదు. ఇక్కడి మనిషిని ఉన్నపాటున తీసుకుపోయి అక్కడ దింపితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. అందుకని కొంచెం ఎత్తు ఎక్కుతారు, మళ్ళీ దిగి వచ్చి కింద పడుకుంటారు. రెండు రోజులాగి ఇంకొంచెం ఎత్తు ఎక్కుతారు, మళ్ళీ దిగుతారు. అట్లా వారాలు గడుస్తాయి. ఈలోగా ఒంట్లో నెత్తురు ఆ గాలికి అలవాటు పడుతుంది. అందుకే ఈ యాత్ర 52 రోజులు పట్టింది.

అలవాటు పడని వాళ్ళకు తలనొప్పి వస్తుంది. వాంతులవుతాయి. అన్నం సహించదు. నిద్ర రాదు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. దానికి అసలు మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. నొప్పిని దాచుకుని ఎక్కేవాళ్ళు ప్రాణం పోగొట్టుకుంటారు. మన ఆడవాళ్ళకు నొప్పి దాచుకోవడం బాగా అలవాటు. కొండ మీద ఆ అలవాటు పనికిరాదు. ఒంట్లో బాగాలేదు అని దారి చూపేవాడికి చెప్పాలి. ఆయన వెనక్కి పద అంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగాలి. కొస కళ్ళ ముందు కనపడుతున్నా సరే.

దారి చూపే షెర్పాలు ఇంకా ఏం చేస్తారు? వీళ్ళకంటే ముందే పైకి పోయి మంచులో మేకులు దిగ్గొట్టి తాళ్ళు కడతారు. గుడారాలు, గ్యాసు, తిండి, ప్రాణవాయువు సిలిండర్లు మోసుకుపోయి పైమకాముల్లో పెడతారు. ఒక్కో సిలిండరు మూడు నాలుగు కిలోల బరువు. మంచు కరిగించి నీళ్ళు చేస్తారు. ఆ ఎత్తున ఒక చెంబెడు నీళ్ళు కాయాలంటే చాలాసేపు పడుతుంది. చుట్టూ మంచే, తాగడానికి చుక్క లేదు. చూడండి ఎంత విడ్డూరమో. బయలుదేరేముందు మూతికి తగిలించిన గొట్టం సరిగా ఉందా, గాలి వస్తోందా అని మనిషి మనిషినీ చూస్తారు. ఇంత చేసినా చాలా ఏళ్ళు పేపర్లలో వాళ్ళ పేర్లు రాలేదు. ఎక్కినవాళ్ళ పేర్లే వచ్చాయి.

ఎవరెస్టు ఎక్కిన మొదటి ఆడమనిషి జపాను దేశానికి చెందిన జుంకో తబెయి. 1975లో ఎక్కింది. ఇంట్లో చిన్నపాప ఉన్న తల్లి. అంతా ఆడవాళ్ళే కలిసి ఒక జట్టు కట్టారు. డబ్బు చాలలేదు. పాత కారు సీట్ల తొడుగులు కోసి, చేతికి వేసుకునే తొడుగులు కుట్టుకున్నారు. కొండ మీద నిద్రపోతుండగా మంచుచరియ వచ్చి ఆమె గుడారాన్ని కప్పేసింది. షెర్పాలు తవ్వి ఆమెను బయటికి లాగారు. ఆ తరువాత 12 రోజులకు, మే 16న, ఆంగ్ త్సెరింగ్ అనే షెర్పా తోడు రాగా కొసకు చేరింది. మన దేశంలో మొదట ఎక్కిన ఆడమనిషి బచేంద్రీ పాల్. ఆమెది ఉత్తరకాశి దగ్గర కొండపల్లె. 1984 మే 23న ఎక్కింది.

షెర్పా ఆడవాళ్ళ మాటేమిటి అంటారా? లాక్పా షెర్పా అనే ఆమె ఉంది. చిన్నప్పుడు తమ్ముణ్ణి వీపున మోసుకుని గంటలకొద్దీ నడిచి బడి దగ్గర దింపి వచ్చేది. తమ్ముడికి బడి ఉంది, ఆమెకు లేదు. పెద్దయ్యాక కొండ మీద మోతపనికి, వంటపనికి పోయింది. 2000లో మొదటిసారి ఎవరెస్టు ఎక్కింది. 2022కు పదిసార్లు ఎక్కింది. ఆడవాళ్ళలో అన్నిసార్లు ఎక్కినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

మళ్ళీ పూర్ణ దగ్గరికి వద్దాం.

మే నెల చివర్లో కొండ మీద కొద్దిరోజులు గాలి నెమ్మదిస్తుంది. ఆ రోజులు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. పూర్ణ, ఆనంద్ ఆఖరి మకాం నుంచి రాత్రిపూట బయలుదేరారు. ఎందుకు రాత్రి? పొద్దున కొస చేరి, ఎండ ముదిరి గాలి లేవకముందే దిగి రావాలి. నుదుటికి లైటు కట్టుకుంటారు. ఆ లైటు పడినంత మేరే లోకం. ముందు నడిచే షెర్పా బూట్లు కనపడతాయి, చేతిలో తాడు కనపడుతుంది. అంతకు మించి ఏమీ కనపడదు. చలి సున్నాకు 20, 30 డిగ్రీలు కింద ఉంటుంది. చేతి తొడుగు కాసేపు తీస్తే వేళ్ళు నల్లబడి చచ్చుబడతాయి.

ఆ దారిలో నిట్టనిలువుగా రాతిగోడలు వస్తాయి. వాటిలో కష్టమైనదానికి చైనావాళ్ళు 1975లో ఒక నిచ్చెన బిగించారు. కింద వేల అడుగుల లోయ. మబ్బు పట్టినట్లున్న బుర్రతో, ఇనుప ముళ్ళ బూట్లతో ఆ నిచ్చెన మెట్టు మెట్టు ఎక్కాలి.

దారిలో శవాలు కూడా ఉన్నాయి. ముందు ఎప్పుడో ఎక్కబోయి చనిపోయినవాళ్ళవి. అంత ఎత్తు నుంచి శవాన్ని కిందికి తేవడం చాలా కష్టం. అందుకని అక్కడే ఉండిపోతాయి. వాటిని చూసి భయం వేసిందని పూర్ణ తరువాత చెప్పింది. ఆ చీకట్లో 13 ఏళ్ళ పిల్ల వాటిని దాటి నడిచింది.

2014 మే 25. ఉదయం 6 గంటల వేళ. పూర్ణ ఎవరెస్టు కొసన నిలబడింది. ఆ పొద్దునే ఆనంద్ కూడా చేరాడు. మూడు రంగుల జెండా పట్టుకున్నారు. అంబేద్కర్ గారి బొమ్మ, ఎస్.ఆర్. శంకరన్ గారి బొమ్మ కూడా వాళ్ళ వెంట ఉన్నాయి. శంకరన్ ఒక కలెక్టరు. బీదపిల్లలకు ఈ గురుకులాలు రావడానికి పాటుపడినవాడు. పెళ్ళి కూడా చేసుకోకుండా బీదల కోసం బతికినవాడు. అంత ఎత్తుకు పోయి కూడా ఆ పిల్లలు బడి పెట్టినవాణ్ణి మరవలేదు.

పూర్ణకు ఆ రోజుకు 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లోకంలో ఎవరూ లేరు.

కొసన ఎంతో సేపు ఉండరు. దిగాలి. ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. ఒంట్లో సత్తువ అయిపోయి ఉంటుంది. పని అయిపోయింది కదా అని మనసు కూడా సడలుతుంది. కొండ మీద చాలామంది దిగేటప్పుడే చచ్చిపోతారు. ఎవరెస్టు ఎక్కిన మొదటి నేపాలీ ఆడమనిషి పసాంగ్ లామూ షెర్పా 1993 ఏప్రిల్‌లో కొసకు చేరింది, దిగుతూ చనిపోయింది. పూర్ణ, ఆనంద్ క్షేమంగా దిగారు.

ఇప్పుడు ఒక మాట. అంత చిన్నపిల్లను ప్రాణం పోయే చోటికి పంపడం న్యాయమేనా? ఆ రోజుల్లో ఈ ప్రశ్న చాలామంది అడిగారు. అడగదగిన ప్రశ్నే. పిల్లకు ఏమైనా అయ్యుంటే పంపిన అధికారిని జనం దుమ్మెత్తి పోసి ఉండేవాళ్ళు, అందులో తప్పూ లేదు. ఏ తల్లయినా తన పిల్లను పంపనంటే ఆమెను పిరికిది అనే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. 13 ఏళ్ళ పిల్లను పత్తి చేనుకు పంపుతారు. విత్తనపత్తి చేలల్లో పూలు అద్దే పనికి తెల్లవారక ముందే లేపి పంపుతారు. పురుగుమందు వాసన పీలుస్తూ పొద్దుగూకులు నిలబడుతుంది. ఆ వయసు పిల్లకు సంబంధం కూడా చూస్తారు. 18 నిండకుండా పెళ్ళి చేయడం చట్టం ప్రకారం నేరం. అయినా చేసినవాళ్ళు మనకు తెలుసు. 15 ఏళ్ళకే కాన్పు అంటే అది కూడా ప్రాణం మీదికి వచ్చే పనే. ఆ కొండకు పంపేటప్పుడు న్యాయమేనా అని పేపర్లలో ఎవరు అడిగారు? పూర్ణకైతే నేర్పినవాళ్ళున్నారు. నెలల తరబడి నేర్పారు. తాడు కట్టారు. పక్కన షెర్పా నడిచాడు. ఒంట్లో బాగాలేదంటే వెనక్కి తిప్పేవాళ్ళున్నారు. చిన్ననాడే పెళ్ళి చేసి పంపిన పిల్లకు ఆ తాడు ఏది?

ఈ ప్రశ్న మీద మీరంతా మాట్లాడుకోవాలి. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోమని చెప్పండి. ఎందుకు ఒప్పుకోరో చెప్పండి. పలక మీదో, నోటు పుస్తకంలోనో రెండు వాక్యాలు రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా పరవాలేదు. మన కలమల్ల గుడిలోని రాతిని తలచుకోండి. సుమారు 575వ సంవత్సరంలో, రేనాటిని ఏలిన చోళుల కాలంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుతో వేయించిన శాసనం అది. తెలుగు మాటలతో ఇప్పటికి దొరికిన శాసనాల్లో అదే పాతది అని పండితులు చెప్తారు. ఆ అక్షరాలూ ఇప్పటి మన అక్షరాల్లాగా గుండ్రంగా లేవు.

పూర్ణ తిరిగి వచ్చాక జనం దండలు వేశారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. 2017లో ఆమె కథ హిందీలో సినిమాగా తీశారు. పూర్ణ మాత్రం మళ్ళీ బడికి పోయి పరీక్షలు రాసింది. కొండలెక్కడం కూడా మానలేదు. లోకంలో ఏడు ఖండాలున్నాయి. ఒక్కో ఖండంలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఒకటి ఉంటుంది. ఆ ఏడూ ఎక్కాలనుకుంది. 2016లో ఆఫ్రికాలో కిలిమంజారో ఎక్కింది. 2017లో రష్యాలో ఎల్బ్రస్ ఎక్కింది. 2019లో మూడు కొండలు ఎక్కింది. వాటిలో ఒకటి, అకోంకాగువా, దక్షిణ అమెరికాలో ఉంది. ఒకటి మనుషులెవరూ కాపురం ఉండని అంటార్కిటికా మంచుఖండంలో ఉంది, పేరు విన్సన్. కరోనా రోజుల్లో కొండలు మూతపడ్డాయి. ఇక మిగిలింది ఒక్కటే, అమెరికాలోని డెనాలి.

డెనాలిలో షెర్పాలు లేరు. సామాను మోసే కూలీలూ లేరు, జడలబర్రెలూ లేవు. గుడారం, తిండి, గ్యాసు అన్నీ కొంత వీపున వేసుకుని, కొంత చక్రాలు లేని జారుడు బండి మీద కట్టుకోవాలి. నడుముకు తాడు బిగించి ఎవరి బండి వాళ్ళే మంచు మీద లాక్కుంటూ పోవాలి. జూన్ నెలలో అక్కడ రాత్రి కూడా చీకటి పడదు. ఎంతసేపు నడిచామో పొద్దును చూసి తెలుసుకోవడం కుదరదు. పూర్ణ అట్లా తన బండి తాను లాక్కుంటూ 2022 జూన్ 5న డెనాలి కొసకు చేరింది. ఆ రోజుకు ఆమెకు 22 ఏళ్ళు నిండటానికి ఇంకా ఐదు రోజులుంది.